3డీ ప్రింటెడ్ టైటానియం: '100% రీసైకిల్డ్' వెనకున్న లెక్క మనమే వేసి చూద్దాం

యాపిల్ వాచ్ అల్ట్రా 3, సిరీస్ 11 టైటానియం మోడల్... 2025లో వచ్చిన ఈ రెండిటి కేసులూ 3డీ ప్రింటర్‌లో తయారైనవే. ఐఫోన్ ఎయిర్‌లో యూఎస్‌బీ-సీ పోర్ట్ కూడా అంతే. ఇది యాపిల్‌తో మొదలైన ముచ్చటేం కాదు, 2023లోనే హానర్ మ్యాజిక్ వీ2 ఫోల్డబుల్ హింజ్‌లో 3డీ ప్రింటెడ్ టైటానియం వచ్చేసింది. కాకపోతే లక్షల వాచ్‌ల స్థాయిలో చేసి చూపించడంతో ఇప్పుడు అందరి కళ్లూ దీని మీదే పడ్డాయి.

యాపిల్ చెప్పిన మాటలు మూడు. ఒకటి, కేసులకి వాడేది 100% రీసైకిల్డ్ టైటానియం పౌడర్. రెండు, పాత జనరేషన్‌తో పోలిస్తే ముడి లోహం సగమే పడుతుంది. మూడు, దీనివల్ల 2025 ఒక్క ఏడాదిలోనే 400 టన్నులకు పైగా ముడి టైటానియం ఆదా.

ప్రాసెసర్ గురించి ఎవరైనా గొప్పలు చెబితే మనం వెంటనే బెంచ్‌మార్క్ చూస్తాం. ఇలాంటి మాటలకి కూడా ఒక బెంచ్‌మార్క్ ఉంది. దాని పేరు మెటీరియల్ బ్యాలెన్స్. నేను ఇప్పుడు కోడ్ రాసుకుని బతుకుతున్నా, బీటెక్ మాత్రం కెమికల్ ఇంజినీరింగ్. సెకండియర్‌లో మాకు నూరిపోసిన సూత్రం ఒక్కటే: లోపలికి ఎంత వెళ్లిందో అంతా బయటికి రావాలి, లేదా లోపలే పేరుకోవాలి. మూడో దారి లేదు. ఇప్పుడు ఆ సూత్రాన్ని మెటల్ పౌడర్ మీద పెట్టి చూద్దాం. లెక్క చిన్నదే, కానీ ఇది తెలిస్తే ఇకమీద ఏ బ్రాండ్ 'రీసైకిల్డ్' అన్నా ఏం అడగాలో మీకే అర్థమవుతుంది.

పౌడర్ ఎలా పుడుతుంది?

కరిగిన టైటానియం మహా దురుసు. పింగాణీ మూసలో పోస్తే ఆ మూసలోని ఆక్సిజన్‌నే లాగేసుకుంటుంది. అందుకే ఎక్కువగా వాడే ఒక పద్ధతిలో మూసే ఉండదు. టైటానియం కడ్డీని నిలువుగా వేలాడదీసి, ఇండక్షన్ కాయిల్‌తో దాని కొసని కరిగిస్తారు. కింద పడుతున్న సన్నటి ధారని ఆర్గాన్ గ్యాస్ జెట్‌తో కొడతారు. ధార తుంపరలై, తుంపరలు గాల్లోనే గడ్డకట్టి చిన్న చిన్న గోళీలవుతాయి. దీన్నే గ్యాస్ అటామైజేషన్ అంటారు.

చిక్కేంటంటే, గోళీలన్నీ ఒకే సైజులో రావు. లేజర్ ప్రింటర్‌కి సాధారణంగా 15 నుంచి 45 మైక్రాన్లు, లేదా దానికి కాస్త అటూ ఇటూ ఉన్న పౌడర్ కావాలి. యాపిల్ తన కేసులకి 50 మైక్రాన్ల పౌడర్ అని చెప్పింది. అంతకంటే లావుగా ఉంటే పొర సరిగ్గా పరుచుకోదు. మరీ సన్నమైతే పిండిలా ముద్దకడుతుంది, పైగా నిప్పు అంటుకునే ప్రమాదం. కాబట్టి జల్లెడ పట్టాల్సిందే. రీసైకిల్ కథ మొదలయ్యేది ఈ జల్లెడ దగ్గరే.

లూప్ 1: 35 శాతం, 96 శాతం... రెండూ నిజమే

లెక్క కోసం కొన్ని నంబర్లు అనుకుందాం. ఇవి ఏ కంపెనీవీ కావు, నేను తీసుకున్నవి. అటామైజర్‌లోకి వెళ్లిన లోహంలో 35% మాత్రమే మనకి కావాల్సిన సైజులో వస్తుంది. మిగతా 65% మళ్లీ కరిగించడానికి వెనక్కి వెళ్తుంది. అలా వెనక్కి వెళ్లినదాంట్లో 2% కరిగించేటప్పుడు పోతుంది. మనకి కావాల్సింది 100 కేజీల మంచి పౌడర్.

- అటామైజర్‌లోకి వెళ్లాల్సింది: 100 ÷ 0.35 = 285.7 కేజీలు
- జల్లెడలో తేలిపోయింది: 185.7 కేజీలు
- మళ్లీ కరిగించడంలో పోయింది: 3.7 కేజీలు
- కడ్డీగా మారి తిరిగొచ్చింది: 182 కేజీలు
- బయటి నుంచి కొత్తగా కొనాల్సింది: 285.7 − 182 = 103.7 కేజీలు

ఇప్పుడు మొత్తం ప్లాంట్ చుట్టూ ఒక పెద్ద డబ్బా గీయండి. రీసైకిల్ బాణం డబ్బా లోపలే తిరుగుతుంది కాబట్టి లెక్కలోంచి మాయమైపోతుంది. గీత దాటి లోపలికి వచ్చింది 103.7, బయటికి పోయింది 100 కేజీల పౌడర్, 3.7 కేజీల నష్టం. సరిపోయింది.

అంటే ఒక్క పాస్‌లో దిగుబడి 35%. మొత్తం ప్లాంట్ దిగుబడి 96.4%. ప్లాంట్ ఒక్కటే, లోహం ఒక్కటే, మారింది గీత గీసిన చోటు మాత్రమే. బ్రోషర్ రాసేవాడు ఏ నంబర్ వేస్తాడో చెప్పక్కర్లేదు.

మరి 96 అని చెప్పడం మోసమా? కాదు. టైటానియం నిజంగానే అంత తక్కువ పోతోంది. కానీ కరెంటు, ఆర్గాన్ ఖర్చు 103.7 కేజీలకి కాదు, 285.7 కేజీలకి పడుతుంది. ఒక కేజీ పౌడర్ కోసం దాదాపు మూడు కేజీల లోహాన్ని కరిగించాలన్నమాట. ఏపీఐ రెస్పాన్స్ బాగానే వస్తోంది కానీ వెనకాల ప్రతి రిక్వెస్టూ మూడుసార్లు రీట్రై అవుతోందంటే సర్వర్ బిల్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. పౌడర్ ధరలో పెద్ద వాటా దాక్కునేది ఈ వెనక్కి తిరిగే బాణంలోనే.

పేపర్ మీద ఆ బాణం గీయడం కూడా తేలిక, చేయడమే కష్టం. తేలిపోయిన పౌడర్‌ని నేరుగా అటామైజర్‌లో పోయలేం, దానికి కడ్డీ కావాలి. అంటే పౌడర్‌ని నొక్కి, కరిగించి, మళ్లీ కడ్డీ చేయాలి. అందుకే తెలివైన ప్లాంట్లు లావు పౌడర్‌ని వెనక్కి పంపకుండా అమ్మేస్తాయి. ఎలక్ట్రాన్ బీమ్ ప్రింటర్లకి 45 నుంచి 105 మైక్రాన్ల పౌడరే కావాలి కదా. రీసైకిల్ చేయడం కంటే సరైన కొనుగోలుదారుణ్ణి వెతుక్కోవడం చాలాసార్లు లాభం.

లూప్ 2: ప్రింటర్‌లో మెమొరీ లీక్

ఇప్పుడు ప్రింటర్ దగ్గరికి వద్దాం. వాచ్ కేసుల మెషీన్‌లో ఆరు లేజర్లు ఉంటాయని, 900కు పైగా పొరలు పరుస్తారని యాపిల్ చెప్పింది. ప్రతి పొరలోనూ లేజర్ తాకిన చోటే పౌడర్ కరిగి లోహమవుతుంది. తాకని పౌడర్ అలాగే మిగులుతుంది. దాన్ని దులిపి, జల్లెడ పట్టి, మళ్లీ మెషీన్‌లో పోస్తారు. చూడ్డానికి పర్ఫెక్ట్ లూప్.

కానీ ఆ మిగిలిన పౌడర్ మొదటి పౌడర్ కాదు. వేడికి, చెమ్మకి, ఎంత జాగ్రత్తపడ్డా మిగిలే గాలికి అది ప్రతిసారీ కొంచెం ఆక్సిజన్ పట్టుకుంటుంది. టైటానియంలో ఆక్సిజన్ పెరిగితే లోహం గట్టిపడుతుంది, దాంతోపాటే పెళుసెక్కుతుంది. కిందపడితే వంగాల్సింది పగలొచ్చు. అందుకే స్టాండర్డ్‌లలో హద్దు పెట్టారు. మామూలు గ్రేడ్ 5 టైటానియంలో ఆక్సిజన్ 0.20% దాటకూడదు. ఇంకా శుద్ధమైన గ్రేడ్ 23లో 0.13%, అంటే 1300 పీపీఎం. తన పౌడర్‌లో ఆక్సిజన్ తగ్గించడం మీద ప్రత్యేకంగా పని చేయాల్సి వచ్చిందని యాపిల్ కూడా చెప్పింది. ఎందుకో లెక్కలో చూద్దాం.

మళ్లీ నా నంబర్లే. మెషీన్‌లో 100 కేజీల పౌడర్. ఒక్కో బిల్డ్‌లో 10 కేజీలు కేసులుగా మారతాయి, 2 కేజీలు జల్లెడలో ముద్దలుగా తేలి బయటికి పోతాయి. మిగిలిన 88 కేజీలకి 12 కేజీల కొత్త పౌడర్ కలుపుతాం. కొత్త పౌడర్‌లో ఆక్సిజన్ 1100 పీపీఎం. ప్రతి బిల్డ్‌కి 20 పీపీఎం పెరుగుతుంది. బిల్డ్ అయ్యాక ఆక్సిజన్ ఇలా ఉంటుంది:

- 1వ బిల్డ్: కొత్త పౌడర్ కలిపితే 1120, కలపకపోతే 1120
- 5వ బిల్డ్: కలిపితే 1179, కలపకపోతే 1200
- 10వ బిల్డ్: కలిపితే 1220, కలపకపోతే 1300
- 20వ బిల్డ్: కలిపితే 1254, కలపకపోతే 1500
- 50వ బిల్డ్: కలిపితే 1266, కలపకపోతే 2100

కలపకపోతే పదో బిల్డ్‌కే గ్రేడ్ 23 హద్దుకి వచ్చేశాం. కలిపితే యాభై బిల్డ్‌లైనా 1267 దగ్గర ఆగిపోతుంది. ఆగిపోవడానికి కారణం సింపుల్. అక్కడ లూప్‌లోకి వచ్చే ఆక్సిజన్, లూప్‌లోంచి పోయే ఆక్సిజన్ సమానమైపోతాయి. ఆ ఆగే చోటుకి ఒక ఫార్ములా ఉంది:

చివరి ఆక్సిజన్ = కొత్త పౌడర్‌లో ఆక్సిజన్ + (ఒక బిల్డ్‌లో పెరుగుదల ÷ కొత్త పౌడర్ వాటా)

మన కేసులో 1100 + 20 ÷ 0.12 = 1267. ఇప్పుడు మెషీన్ సీలింగ్ కాస్త లూజై పెరుగుదల 20 కాకుండా 40 అయిందనుకోండి. 1100 + 40 ÷ 0.12 = 1433. హద్దు దాటేశాం. మళ్లీ 1300కి తేవాలంటే కొత్త పౌడర్ వాటా 20% చేయాలి. అంటే ప్రతి బిల్డ్‌కి బాగానే కనిపిస్తున్న 8 కేజీల పౌడర్‌ని అదనంగా బయటికి తీసేయాలి. కెమికల్ ఇంజినీర్లు దీన్నే పర్జ్ అంటారు. చెత్త పేరుకోకుండా లూప్‌లోంచి కొంత కావాలనే వదిలేయడం.

ఆ ఫార్ములాలో వాటా సున్నా పెట్టి చూడండి. సున్నాతో భాగహారం! మనకి తెలిసిన ఎర్రరే. 'అంతా లోపలే తిప్పుతాం, కొత్తది కలపం, ఏదీ పారేయం' అనే లూప్ ఎప్పటికీ స్థిరపడదు. గార్బేజ్ కలెక్టర్ లేని ప్రోగ్రామ్‌లో మెమొరీ నిండినట్టు ఆక్సిజన్ నిండుతూనే ఉంటుంది.

నాకు ఈ లెక్కలో అన్నిటికంటే నచ్చిన విషయం వేరే ఉంది. బయటికి పోతున్న 12 కేజీల్లో 10 కేజీలు ఎక్కడికి పోతున్నాయి? వాచ్ కేసుల్లోకి. అంటే ఈ లూప్‌లో అసలైన పర్జ్ మీ చేతికున్న వాచే. ఆ బిల్డ్ నాటికి పౌడర్‌లో చేరిన ఆక్సిజన్‌లో మీ వాటా మీరు కట్టుకుని తిరుగుతున్నారన్నమాట. హద్దులోపల ఉన్నంతవరకు దాంతో ఏ ఇబ్బందీ లేదు.

ఇందులోంచే ఇంకో సంగతి బయటపడుతుంది. మెషీన్‌లో కేసుల్ని ఎంత దగ్గరగా పేరిస్తే అంత ఎక్కువ పౌడర్ ప్రొడక్ట్ అవుతుంది, కొత్త పౌడర్ వాటా పెరుగుతుంది, ఆక్సిజన్ దానంతటదే దిగుతుంది. అదే మెషీన్‌లో ఒక్క సన్నటి పార్ట్ ప్రింట్ చేస్తే పౌడర్ అంతా వేడెక్కి, చల్లారి, ముసలిదై వెనక్కొస్తుంది. లక్షల్లో ఒకే డిజైన్ చేసే కంపెనీకి, ఒకటీ అరా ప్రోటోటైప్ చేసే షాపుకి పౌడర్ ఖర్చులో తేడా రావడానికి ఇదొక కారణం.

లూప్ 3: సగం ఆదా అంటే, దేంట్లో సగం?

పాత పద్ధతి సీఎన్‌సీ. టైటానియం దిమ్మ తీసుకుని, మధ్యలో తొలిచి, చుట్టూ చెక్కి కేసు తీస్తారు. మిగిలేది రజను. 30 గ్రాముల కేసు కోసం 120 గ్రాముల దిమ్మ వాడారనుకుందాం. రజను 90 గ్రాములు. ప్రింటింగ్‌లో అదే కేసుకి 60 గ్రాములు చాలనుకుందాం. సపోర్టులు, ఫినిషింగ్ కింద 30 గ్రాములు పోతాయి.

రజను వెనక్కి రాకపోతే 120కి 60, సరిగ్గా సగం. కానీ రెండిట్లోనూ స్క్రాప్‌లో 90% తిరిగి అదే గ్రేడ్ లోహంగా మారిందనుకోండి. సీఎన్‌సీకి నికరంగా పడేది 120 − 81 = 39 గ్రాములు. ప్రింటింగ్‌కి 60 − 27 = 33 గ్రాములు. సగం తేడా కాస్తా 6 గ్రాములైంది!

కాబట్టి '3డీ ప్రింటింగ్ సగం లోహం ఆదా చేస్తుంది' అన్న మాటకి ఎంత బరువుందో ప్రింటర్ ఒక్కటే తేల్చదు, స్క్రాప్ ఏమవుతుందో కూడా చూడాలి. అసలు లోకంలో సీఎన్‌సీ రజను అంత సులువుగా వెనక్కి రాదు. దానికి కటింగ్ ఆయిల్ అంటి ఉంటుంది, వేడికి ఆక్సిజన్ పట్టి ఉంటుంది, విరిగిన టూల్ ముక్కలు కలిసి ఉంటాయి. శుభ్రం చేసి మళ్లీ అదే గ్రేడ్ చేయొచ్చు, కానీ ఖర్చు. అందుకే టైటానియం స్క్రాప్‌లో చాలా భాగం ఫెర్రోటైటానియంగా మారి ఉక్కు ఫ్యాక్టరీలకి పోతుంది. ఉక్కులో కలిసిన టైటానియం మళ్లీ వాచ్‌లోకి రాదు. అది వన్ వే టికెట్. ఆ కోణంలో చూస్తే రజనే తక్కువ పుట్టించే పద్ధతికి మార్కులు వేయాల్సిందే.

కొత్త టైటానియం ఆదా చేస్తే ఏంటట?

టైటానియం భూమిలో అరుదేం కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల ఇసుకలో ఉండే ఇల్మెనైట్ కూడా దాని ఖనిజమే. కష్టమంతా ఖనిజంలోంచి లోహాన్ని విడదీయడంలో ఉంది. దానికి వాడే క్రోల్ ప్రాసెస్ కూడా ఒక రీసైకిల్ లూపే. ఖనిజాన్ని క్లోరిన్‌తో టైటానియం టెట్రాక్లోరైడ్ చేసి, దాన్ని కరిగిన మెగ్నీషియంతో రియాక్ట్ చేయిస్తారు. ఒక కేజీ టైటానియంకి దాదాపు ఒక కేజీ మెగ్నీషియం కావాలి. పక్కన పుట్టే మెగ్నీషియం క్లోరైడ్ దాదాపు నాలుగు కేజీలు.

ఆ నాలుగు కేజీల ఉప్పుని కరెంటుతో విడగొడితే ఒక కేజీ మెగ్నీషియం, మూడు కేజీల క్లోరిన్ తిరిగొస్తాయి. రెండూ మళ్లీ మొదటికి వెళ్తాయి. మెటీరియల్ బ్యాలెన్స్‌లో మెగ్నీషియం ఖర్చు దాదాపు సున్నా, కరెంటు బిల్ మాత్రం భారీగా. అందుకే ఒక కేజీ టైటానియం స్క్రాప్ మళ్లీ మంచి లోహమైందంటే ఈ మొత్తం తిరుగుడు ఒకసారి తప్పినట్టే. 400 టన్నుల ఆదాకి నిజమైన విలువ అక్కడుంది.

ఈ కథలో మన హైదరాబాద్‌కీ పాత్ర ఉంది. కేరళలోని చవరలో ఏడాదికి 500 టన్నుల సామర్థ్యంతో టైటానియం స్పాంజ్ ప్లాంట్ ఉంది. దాని టెక్నాలజీ తయారైంది కంచన్‌బాగ్‌లోని డీఎంఆర్‌ఎల్ ల్యాబ్‌లో. టైటానియం మిశ్రమ లోహాలు చేసే మిధానీ కూడా అక్కడే. పౌడర్ మెటలర్జీకోసమే పెట్టిన ఏఆర్‌సీఐ బాలాపూర్‌లో ఉంది. బీటెక్‌లో మెటలర్జీ, కెమికల్ చదువుతూ 'మనకి గ్యాడ్జెట్లతో పనేంటి' అనుకునేవాళ్లు ఒకసారి అటు చూడండి.

'రీసైకిల్డ్' అని ఎప్పుడు అనొచ్చు?

పర్యావరణ లేబుళ్లకి ఐఎస్ఓ 14021 అనే స్టాండర్డ్ ఉంది. అందులో రీసైకిల్డ్ కంటెంట్ గురించి ఒక ముఖ్యమైన షరతు ఉంది. ఒక ప్రాసెస్‌లో పుట్టిన స్క్రాప్‌ని అదే ప్రాసెస్‌లో తిరిగి వాడుకుంటే, దాన్ని రీసైకిల్డ్ కంటెంట్‌గా లెక్కేయకూడదు.

మన లెక్కకి ఇది అతికినట్టు సరిపోతుంది. లూప్ 1లో తిరిగిన 182 కేజీలు, లూప్ 2లో తిరిగిన 88 కేజీలు గీత లోపలివి. అవి మంచి ఇంజినీరింగే, కానీ 'రీసైకిల్డ్' అని చెప్పుకోవడానికి పనికిరావు. పనికొచ్చేది గీత దాటి లోపలికి వచ్చే ఆ 103.7 కేజీలు ఎక్కడివి అన్నదే. అవి వేరే ఫ్యాక్టరీ స్క్రాప్ అయితే ఒక రకం. వాడిపారేసిన వస్తువుల నుంచి తీసినవైతే ఇంకో రకం. రెండిటినీ లేబుల్ మీద రీసైకిల్డ్ అనొచ్చు, కానీ రెండూ ఒకటి కాదు.

మరి మనం ఏం చూడాలి?

ఏ బ్రాండైనా సరే, టైటానియం అయినా అల్యూమినియం అయినా, లాంచ్ ఈవెంట్‌లో ఇలాంటి స్లయిడ్ వస్తే ఈ నాలుగు ప్రశ్నలు వేయండి:

- గీత ఎక్కడ గీశారు? ఒక మెషీన్ చుట్టూనా, ఫ్యాక్టరీ చుట్టూనా, సప్లై చైన్ మొత్తం చుట్టూనా? గీత చెప్పకుండా శాతం చెబితే ఆ నంబర్‌కి అర్థం లేదు.
- స్క్రాప్ ఎటు పోతోంది? అదే గ్రేడ్ లోహంగానా, ఫెర్రోటైటానియంగానా?
- పర్జ్ ఎంత? 'జీరో వేస్ట్' అంటే పేరుకునే ఆక్సిజన్ ఎటు పోతోందో చెప్పాలి. ఎటో ఒకవైపు పోవాల్సిందే.
- లోపలికొచ్చేది ఎవరి స్క్రాప్? ఫ్యాక్టరీదా, వాడేసిన ప్రొడక్ట్‌లదా?

నా వర్డిక్ట్ అడిగితే, వాచ్ కేసుకి 3డీ ప్రింటెడ్ టైటానియం మంచి మార్పే. రజను తక్కువ పుడుతుంది, మిగిలిన పౌడర్ రజను కంటే శుభ్రంగా ఉంటుంది, ఒకే డిజైన్ లక్షల్లో చేస్తే లూప్ స్థిరంగా నడుస్తుంది. అయితే ఆ మెచ్చుకోలు జల్లెడకీ, ఆర్గాన్‌కీ, ఆక్సిజన్ మీటర్‌కీ కూడా చెందాలి. ఇక మన వైపు నుంచి ఒక బాణం ఎప్పుడూ ఖాళీగానే ఉంటోంది. డ్రాయర్‌లో మూలన పడి ఉన్న పాత వాచ్, పాత ఫోన్ గీత దాటి మళ్లీ లోపలికి వెళ్తేనే 'వాడేసిన ప్రొడక్ట్‌ల నుంచి' అన్న లైన్ నిజమవుతుంది. అప్‌గ్రేడ్ చేసేటప్పుడు పాతదాన్ని ఎక్స్చేంజ్‌కో, అధీకృత ఈ-వేస్ట్ సెంటర్‌కో ఇచ్చేయండి. బ్యాలెన్స్ షీట్‌లో ఆ ఒక్క గడి నింపాల్సింది మనమే.